తుంటి మార్పిడిలో రక్తం పోకుండా: నరానికి ఇంజెక్షనా, మాత్రా, కీలులో పోయడమా?

తుంటి మార్పిడి అయ్యి పేషెంటుని బయటికి తీసుకొస్తే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నల్లో "రక్తం ఎక్కించారా?" అన్నది తప్పకుండా ఉంటుంది. నేను థియేటర్లో మత్తు వైపు నిలబడే డాక్టర్ని కాబట్టి ఆ ప్రశ్న నా దాకా కూడా వస్తుంది. ఈ మధ్య చాలాసార్లు "లేదండీ, అవసరం పడలేదు" అనే చెప్తున్నాను, అందుకు పెద్ద కారణం చిన్న ఆంప్యూల్‌లో ఉండే రంగు లేని ఒక మందు. పేరు ట్రానెక్సామిక్ యాసిడ్. మేం పొట్టిగా ట్రానెక్సా అంటాం.

ఆపరేషన్‌కి ముందు మాట్లాడటానికి వచ్చినప్పుడు కొందరు బాగా చదువుకుని వస్తారు. "నరానికి ఇస్తే ఒళ్లంతా గడ్డలు కడతాయట, కీలులోనే పొయ్యండి" అని ఒకరు, "మాత్ర వేసుకుంటే సరిపోతుందట కదా, ఇంజెక్షన్ ఎందుకు" అని ఇంకొకరు, "మూడూ ఇచ్చేయండి, పోయేదేముంది" అని మరొకరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏ రూపంలో ఇచ్చారన్న దాని మీద జరిగే వాదనంత తేడా నిజానికి లేదు, ఏ టైముకి ఇచ్చారన్న దాంట్లో మాత్రం ఉంది. ఇక ఈ రెంటికంటే పెద్ద విషయం నెల ముందు మీ హిమోగ్లోబిన్ ఎంత ఉందన్నది, దాని గురించి ఎవరూ అడగరు.

రక్తం ఎక్కడి నుంచి పోతుంది

కత్తి పడ్డచోట రక్తం చిమ్ముతుందనీ, దాన్ని ఆపితే చాలనీ చాలామంది అనుకుంటారు. తుంటిలో కథ వేరు. తెగిన రక్తనాళాలు కంటికి కనబడితే సర్జన్ అక్కడికక్కడే కరెంటుతో కాల్చి మూసేస్తాడు. తలనొప్పంతా ఎముకతోనే. తొడ ఎముక తల కోసి తీసేశాక గిన్నెలాంటి సాకెట్‌ని లోపలి నుంచి గుండ్రంగా చెక్కుతారు, తొడ ఎముక లోపలి గొట్టాన్ని ఆకురాయి లాంటి పరికరంతో కొడుతూ వెడల్పు చేస్తారు. అలా చెక్కిన ఎముక తడి స్పాంజిలా ఊరుతూనే ఉంటుంది. దాన్ని ముడెయ్యలేం, కాల్చలేం.

కోసినచోటి నుంచి పీల్చిన రక్తం చేరే సక్షన్ జార్‌లో చూస్తే ఓ 300 మిల్లీలీటర్లు ఉంటాయి. నర్సు తడిసిన మాప్‌లని, అంటే రక్తం అద్దే గుడ్డలని, తూకం వేస్తుంది, పొడి మాప్ బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రాముకీ ఒక మిల్లీలీటరు లెక్క, ఇంకో 150 వస్తాయి. అంతేగా అనిపిస్తుంది. కానీ రెండు మూడు రోజుల తర్వాత హిమోగ్లోబిన్ ఎంత పడిందో చూసి వెనక్కి లెక్క కడితే మొత్తం లీటరు దాకా, కొందరిలో అంతకు పైన కూడా పోయిందని తేలుతుంది. మిగతాదంతా తొడ కండరాల మధ్యకి చేరిన రక్తం. మూడో రోజుకి తొడ పక్కన నల్లగా, ఊదాగా కమిలి కనబడుతుందే, అదే ఇది. కుట్లు వేశాక కూడా గంటల తరబడి లోపల ఊరుతుంది కాబట్టి సర్జన్ చెయ్యి ఎంత మంచిదైనా ఇక్కడ మందు అవసరం పడుతుంది.

ఈ మందు చేసే పని, చెయ్యని పని

రక్తం గడ్డకట్టినప్పుడు ఫైబ్రిన్ అనే పోగులతో వల అల్లుకుంటుంది. ఒంట్లోనే ఆ వలని కత్తిరించే ఏర్పాటు కూడా ఉంది, దాని పేరు ప్లాస్మిన్. మామూలుగా అది అవసరమే, లేకపోతే కట్టిన గడ్డ కట్టినట్టే ఉండిపోతుంది. పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు మాత్రం ఈ కత్తిరింపు హడావుడిగా మొదలవుతుంది, మొదటి కొన్ని గంటల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. అంటే ఎముక మీద ఇప్పుడిప్పుడే కట్టిన పొర వెంటనే కరిగిపోయి మళ్లీ ఊరడం మొదలవుతుంది.

ప్లాస్మిన్‌గా మారాల్సిన ప్లాస్మినోజెన్‌కి, ఫైబ్రిన్ పోగుల్ని పట్టుకోవడానికి కొక్కేల్లాంటివి ఉంటాయి. ట్రానెక్సా వెళ్లి ఆ కొక్కేల మీద కూర్చుంటుంది. ఇక దానికి వల పట్టు దొరకదు, కత్తిరించలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఈ మందు కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డని తొందరగా కరగనివ్వదు, అంతే. "రక్తం చిక్కబడే మందు" అని వార్డులో ఎవరైనా చెప్తే అది సులువుగా చెప్పిన మాట, పూర్తిగా సరైన మాట కాదు.

కొత్త మందేమీ కాదు. జపాన్‌లో ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో అనే భార్యాభర్తలు 1962లో దీని గురించి ప్రకటించారు. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోతున్న ఆడవాళ్లని కాపాడాలని ఆవిడ పట్టుదల. ఆ పనికి ఇది పనికొస్తుందని 20 వేల మందికి పైగా తల్లులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది 2017లో, ఆవిడ పోయిన మరుసటి ఏడాది. ఎప్పుడు గుర్తొచ్చినా మనసుకి కష్టంగా ఉంటుంది.

ముందు టైము

తుంటికి సంబంధించి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్వీడన్ వాళ్లది. 2000లో ఒకే బృందం ట్రానెక్సాని ఆపరేషన్ చివర్లో ఇచ్చి చూసింది, రక్తం పోవడం ఏమీ తగ్గలేదు. మరుసటి ఏడాది అదే మందుని ఆపరేషన్‌కి ముందే ఇచ్చి చూస్తే తగ్గింది. మందు అదే, మారింది టైమొక్కటే. యాక్సిడెంట్లలో రక్తం పోతున్నవాళ్ల మీద చేసిన క్రాష్-2 అనే పెద్ద పరీక్షలోనూ (2010) ఇదే మాట ఇంకోలా తేలింది: మూడు గంటల్లోపు ఇస్తే లాభం, అది దాటాక ఇస్తే లాభం లేకపోగా నష్టం కూడా ఉండొచ్చు.

కాబట్టి తుంటికి మామూలు పద్ధతి ఏంటంటే, చర్మం మీద కోత పెట్టక ముందే 1 గ్రాము, లేదా బరువుని బట్టి కిలోకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు నరానికి ఇవ్వడం. పది నిమిషాల పాటు నెమ్మదిగా. తొందరపడి ఒక్కసారిగా నెట్టేస్తే బీపీ పడిపోతుంది, వికారం వస్తుంది. మందు రెండు మూడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి కొందరు కుట్లు వేసేటప్పుడో, మూడు గంటల తర్వాతో ఇంకో గ్రాము ఇస్తారు. ఆ రెండో డోసు వల్ల అదనంగా ఎంత లాభం అన్నది పెద్ద తేడాగా కనబడలేదు. నేనైతే ఆపరేషన్ సాగదీస్తుంటేనో, పాత కీలు తీసి మళ్లీ వేసే రివిజన్ కేసైతేనో రెండోది ఇస్తాను, గంటన్నరలో ముగిసిపోయే మామూలు కేసుకి ఒకటితో ఊరుకుంటాను. ఇందులో నాతో ఒప్పుకోని మత్తు డాక్టర్లు బోలెడుమంది ఉంటారు, ఉండనివ్వండి.

ఇప్పుడు మూడు రూపాలు

2018లో అమెరికాలోని ఆర్థోపెడిక్ సంఘాలూ, అనస్థీషియా వాళ్ల సంఘం ఒకటీ కూర్చుని అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ వడపోసి ఒక మార్గదర్శకం రాశాయి. దాని సారం ఏంటంటే నరానికి ఇచ్చినా, కీలులో పోసినా, మాత్రగా ఇచ్చినా అసలేమీ ఇవ్వనిదానికన్నా రక్తం పోవడం, ఎక్కించాల్సి రావడం రెండూ తగ్గుతాయి, మూడింట్లో ఒకటి గొప్పదని తేల్చేంత తేడా లేదు. అంటే ఎంచుకోవాల్సింది మందు బలాన్ని చూసి కాదు, మీ ఒంటి పరిస్థితి ఏంటి, అక్కడ పని ఎలా నడుస్తుంది అన్నవి చూసి.

నరానికి ఇచ్చేది నా మొదటి ఎంపిక, కారణం సింపుల్. డోసు ఎంత వెళ్లిందో తెలుసు, ఎన్నింటికి వెళ్లిందో తెలుసు, కోత పెట్టే సమయానికి ఒంట్లో సరిపడా ఉందని గ్యారంటీ. పైగా ఎముక గొట్టం లోపల ఊరే చోటుకి రక్తంతో పాటే చేరుతుంది. దీని మీద ఉన్న భయమల్లా ఒళ్లంతా తిరుగుతుందనే, దాని సంగతి కింద విడిగా రాస్తాను.

కీలులో పోసేది: 1 నుంచి 3 గ్రాముల దాకా మందుని సెలైన్‌లో కలిపి, కీలుని కడగడం అంతా అయ్యాక సర్జన్ లోపల పోసి కొన్ని నిమిషాలు అలా వదిలేస్తాడు, లేదా మాప్ ముంచి అద్దుతాడు. రక్తంలోకి చేరేది తక్కువ. తక్కువ అన్నాను, సున్నా కాదు. దీని మీద నా ఫిర్యాదు ఏంటంటే, ఇది మామూలుగా పని అంతా అయ్యాక చివర్లో పడుతుంది, సాకెట్ చెక్కినప్పుడు పోయిన రక్తానికి ఇది చేసేదేమీ లేదు, కుట్ల తర్వాత ఊరేదానికే పనికొస్తుంది. ఇంకో చిక్కు, ఒక్కో సర్జన్‌ది ఒక్కో పద్ధతి. ఎంత సెలైన్‌లో, ఎంతసేపు, లోపల ఊరే రక్తాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం పెడితే ఎంతసేపు మూసి ఉంచాలి, ఏదీ ఒక కొలతలో ఉండదు. డ్రెయిన్ గొట్టం క్లాంప్ చేయడం మర్చిపోతే పోసిన మందంతా ఐదు నిమిషాల్లో సీసాలోకి వచ్చి కూర్చుంటుంది, ఇలా జరగడం నా కళ్లతో చూశాను.

దీంట్లోనే చిన్న మెలిక ఒకటి. చిక్కగా కలిపిన ట్రానెక్సా మృదులాస్థి (కీలులో ఎముకల మీద ఉండే నున్నటి పొర) కణాలకి చేటు చేస్తుందని ల్యాబుల్లో చూశారు. పూర్తి తుంటి మార్పిడిలో రెండు వైపులా మృదులాస్థి తీసేస్తారు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ తుంటి విరిగిన పెద్దవాళ్లకి సగం మార్పిడి చేసి, సాకెట్‌ని అలాగే ఉంచేస్తారు చూడండి, అక్కడ సొంత మృదులాస్థి ఇంకా ఉంటుంది, సర్జన్ పలచగా కలపాలని గుర్తుంచుకోవాలి.

మాత్ర గురించి చాలామందికి చిన్నచూపు, నాకు లేదు. దాదాపు 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, ఆపరేషన్‌కి రెండు గంటల ముందు గుక్కెడు నీళ్లతో వేసుకుంటే నరానికి ఇచ్చినదానితో సమానంగా పని చేసిందని పరీక్షల్లో తేలింది. మింగినదాంట్లో సగం కూడా రక్తంలోకి చేరదు, అందుకే డోసు ఎక్కువ. చవక, సూది లేదు, కలపడం లేదు, తప్పు సిరంజి అనే భయం లేదు.

మరి నేను మొదట దీన్నే ఎందుకు ఎంచుకోను? కేస్ లిస్ట్ వల్ల. వార్డులో నర్సు డాక్టర్ రాసినట్టే పొద్దున ఏడింటికి మాత్రలు ఇచ్చేసింది. తొమ్మిదింటికి కేసు. ముందు కేసులో ఏదో చిక్కు వచ్చి సాగింది, స్టెరిలైజ్ చేసిన సెట్ రాలేదు, తీరా పేషెంటు టేబుల్ ఎక్కేసరికి ఒంటిగంట. ఆ మాత్రల్లో ఇప్పుడు ఎంత మిగిలింది? మళ్లీ ఇవ్వాలా, వద్దా? ఇంజెక్షన్‌తో ఈ లెక్కలుండవు. రోజులో మొదటి కేసైతే మాత్ర నిక్షేపంగా పని చేస్తుంది. కొందరికి నాలుగు మాత్రలు ఖాళీ కడుపున పడితే వికారంగా ఉంటుంది, అది కూడా చూసుకోవాలి.

రెండూ కలిపి, అంటే నరానికి ఒకటి, కీలులో ఒకటి? బ్రిటన్‌లో నైస్ సంస్థ 2020 మార్గదర్శకం కిడ్నీలు బాగున్నవాళ్లకి ఇలా కలిపి ఇవ్వమంటుంది, కీలులో పోసేది 1 నుంచి 2 గ్రాములు, మొత్తం కలిపి 3 గ్రాములు దాటకుండా. కలిపితే రక్తం ఇంకొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ రక్తం ఎక్కించే అవసరం ఎలాగూ తక్కువగా ఉన్న మనిషిలో ఆ ఇంకొంచెం ఎవరికి తెలుస్తుంది? హిమోగ్లోబిన్ మొదటి నుంచీ తక్కువగా ఉన్నవాళ్లకీ, రివిజన్ కేసులకీ, రక్తం ఎక్కించుకోము అని గట్టిగా చెప్పేవాళ్లకీ అయితే నేనే అడిగి మరీ కలిపి చేయిస్తాను.

మిగతా మందులు, గబగబా

అమైనోకాప్రోయిక్ యాసిడ్ ట్రానెక్సాకి అన్నలాంటిది, పనిచేసే తీరు అదే, కానీ బలం ఏడు నుంచి పది రెట్లు తక్కువ. ట్రానెక్సా దొరకని చోట తప్ప దాని గురించి ఆలోచించక్కర్లేదు. అప్రోటినిన్ ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసే మందు, ఒకప్పుడు గుండె ఆపరేషన్లలో బాగా వాడారు. మరణాలు ఎక్కువవుతున్నాయని 2007 చివర్లో అమ్మకం ఆపేశారు, తర్వాత యూరప్‌లో కొన్ని గుండె ఆపరేషన్లకి మళ్లీ ఒప్పుకున్నారు. తుంటికి మాత్రం దాని పేరు ఎవరైనా ఎత్తితే ఎందుకని అడగండి. ఫైబ్రిన్ గ్లూ అని చల్లే జిగురు ఉంది, ఖరీదు ఎక్కువ, ట్రానెక్సా ఉండగా అదనంగా ఒరిగేది తక్కువ. డెస్మోప్రెసిన్ వాన్ విల్లబ్రాండ్ లాంటి పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బులు ఉన్నవాళ్లకి, అందరికీ కాదు. విటమిన్ కె, రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ల లెక్క సరిచేయడానికి, మామూలు మనిషికి ఇచ్చి లాభం లేదు.

గడ్డల భయం

ఇది తీసిపారేసే భయం కాదు. తుంటి మార్పిడి అంటేనే కాలి నరాల్లో గడ్డ కట్టే అవకాశం ఉన్న ఆపరేషన్, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. అలాంటి చోట గడ్డ కరగనివ్వని మందు ఇవ్వడమేంటి అని అడగడంలో తప్పేం లేదు.

ఇప్పటిదాకా చేసిన పరీక్షల్లో, గడ్డల చరిత్ర లేనివాళ్లలో ట్రానెక్సా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. 2022లో వచ్చిన పాయిజ్-3 పరీక్షలో గుండె కాని రకరకాల ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మంది ఉన్నారు, వాళ్లు అంత ఆరోగ్యంగా ఉన్నవాళ్లేమీ కాదు, గుండె రక్తనాళాల ముప్పు ఉన్నవాళ్లే ఎక్కువ. పెద్ద రక్తస్రావం మందు ఇచ్చినవాళ్లలో 9.1 శాతం, ఇవ్వనివాళ్లలో 11.7 శాతం. గుండె, మెదడు, గడ్డల సమస్యలు అన్నీ కలిపితే 14.2, 13.9. ఈ రెండో జంట అంకెలు దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది, కానీ ఆ పరీక్ష ముందే పెట్టుకున్న కఠినమైన గీటురాయి ప్రకారం "ముప్పు బొత్తిగా పెరగదు" అని రుజువు చేయలేకపోయింది. కాబట్టి "భయం సున్నా" అని చెప్పే డాక్టర్ని నేను నమ్మను, "అసలు ఇవ్వనే కూడదు" అనేవాళ్లనీ నమ్మను.

మరి ఎవరి విషయంలో ఆగి ఆలోచిస్తాం? ప్రస్తుతం కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉన్నవాళ్లకి ఇవ్వం. ఎప్పుడో పాత గడ్డ, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గర ఎన్నాళ్లైంది, స్టెంట్ ఎప్పుడు వేశారు అన్నవి చూస్తాం. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయితే అసలు తుంటి ఆపరేషనే వాయిదా వేయొచ్చేమో ముందు అది మాట్లాడుకోవాలి. పాతబడినదైతే చాలామంది ఇప్పుడు నరానికే ఒక డోసు ఇస్తున్నారు, మనసొప్పకపోతే కీలులో పోసేది ఇక్కడ మంచి మధ్యేమార్గం. ఫిట్స్ ఉన్నవాళ్ల దగ్గర జాగ్రత్త, పెద్ద డోసుల్లో ఈ మందు ఫిట్స్ తెప్పిస్తుందని గుండె ఆపరేషన్లలో చూశారు. మందు దాదాపు అంతా మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి డోసు తగ్గించాలి, రెండోది మానాలి. కిడ్నీల వైపు నుంచి మూత్రంలో రక్తం వస్తున్నవాళ్లకి ఆ గడ్డలు కరగక మూత్రనాళం మూసుకుపోవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ఆ మాట దాచకుండా చెప్పాలి, వాటికి కూడా గడ్డల ముప్పు ఉంది.

"పొద్దున గడ్డ నిలబెట్టే మందు ఇచ్చి, సాయంత్రం రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తున్నారు, ఏంటీ తిరకాసు?" అని ఒక రిటైర్డ్ మాస్టారు నన్ను నిలదీశారు. మంచి ప్రశ్న. జవాబు గడియారంలోనే ఉంది. ట్రానెక్సా పని కోత చుట్టూ ఉండే ఆ కొన్ని గంటలే, రాత్రికి చాలావరకు బయటికి పోతుంది. పలచబడే మందు, అది ఆస్పిరిన్ కానీ ఎనాక్సపారిన్ కానీ రివరాక్సబాన్ కానీ, ఆపరేషన్ అయిన కొన్ని గంటలకో మర్నాడో మొదలై వారాల పాటు నడుస్తుంది. ఒకటి ఇచ్చారని రెండోది ఆపేయడం ప్రమాదం. మీరు ఇంటికెళ్లాక దాన్ని మధ్యలో మానకండి.

ట్రేలో రెండు ఆంప్యూల్స్

ఈ ముక్క పేషెంట్ల కోసం కాదు, థియేటర్లో పనిచేసేవాళ్ల కోసం, పేషెంట్లు చదివినా నష్టం లేదు. తుంటికి ఎక్కువగా వెన్నుకి మత్తు ఇస్తాం. ఆ మత్తుమందు ఆంప్యూల్, ట్రానెక్సా ఆంప్యూల్ కొన్ని చోట్ల ఒకేలా ఉంటాయి, సైజు అదే, గాజు అదే, లేబుల్ మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. పొరపాటున ట్రానెక్సా వెన్నులోకి వెళ్తే నడుం, పిరుదుల్లో భరించలేని నొప్పి, కాళ్లు ఎగిరిపడటం, ఫిట్స్, గుండె లయ తప్పడం. అలా జరిగినవాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

నా అలవాటు చెప్తాను. వెన్నుకి మత్తు ఇచ్చి, సూది తీసేసి, పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు తిమ్మిరెక్కాయని చూసుకునేదాకా ట్రానెక్సా ఆ గదిలో నా టేబుల్ మీదకి రాకూడదు. తర్వాత తెప్పిస్తాను, వంద మిల్లీలీటర్ల సెలైన్ సీసాలో కలిపించి డ్రిప్‌గా ఎక్కిస్తాను. ఐదు నిమిషాలు ఆలస్యమవుతుందని సర్జన్ గొణుగుతాడు. గొణగనీ.

నెల ముందు చూసుకోవాల్సింది

ఎంత మంచి మందు ఇచ్చినా పోయే రక్తం కొంత పోతుంది. హిమోగ్లోబిన్ 14తో వచ్చిన మనిషికి మూడు పాయింట్లు పడినా 11, లేచి నడుస్తాడు. 10.5తో వచ్చిన మనిషికి అదే మూడు పడితే 7.5, అప్పుడు రక్తం సీసా తప్పదు. అందుకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకున్న రోజే, కనీసం నాలుగు వారాల ముందు, రక్త పరీక్ష చేయించుకోండి. 13 కన్నా తక్కువ ఉంటే ఎందుకు తక్కువో వెతకాలి. ఐరన్ లోపం అయితే ఐరన్ మాత్రలకి వారాలు పడుతుంది, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లకి అది సరిగ్గా ఒంటబట్టదు కూడా. టైము లేకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, లోపం ఉన్నట్టు పరీక్షలో తేలితేనే. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ హిమోగ్లోబిన్‌ని బాగా పెంచుతుంది కానీ దానికి సొంతంగా గడ్డల ముప్పు ఉంది, ఖరీదు కూడా, అది అందరికీ వాడే దారి కాదు.

రక్తం పలచబడే మందుల సంగతి ఇప్పుడే తేల్చుకోండి. క్లోపిడోగ్రెల్ ఐదు నుంచి ఏడు రోజులు, వార్ఫరిన్ ఐదు రోజులు, రివరాక్సబాన్, అపిక్సబాన్ రెండు మూడు రోజులు ముందు ఆపడం మామూలు, కానీ ఆ తేదీలు రాసివ్వాల్సింది గుండె డాక్టరూ మత్తు డాక్టరూ కలిసి, మీరు మీ అంతట ఆపేయకూడదు. మోకాలికో నడుముకో వేసుకునే నొప్పి మాత్రలు కూడా రక్తం ఎక్కువ పోయేలా చేస్తాయి, మీరు మందుల చీటీలో రాయరు కానీ రాయాలి.

ఇంకోటి, ఇది మందు కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. థియేటర్ చలిలో ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. 1996లో తుంటి మార్పిడి చేయించుకున్న 60 మందిని రెండు జట్లు చేసి చూశారు. వెచ్చగా ఉంచినవాళ్లకి సగటున 1.7 లీటర్లు పోతే, ఒంటి వేడి డిగ్రీన్నర పైగా పడిపోయినవాళ్లకి 2.2 లీటర్లు పోయింది. అర లీటరు తేడా, ఒళ్లు వెచ్చగా ఉంచినందుకే! వెచ్చటి గాలి ఊదే దుప్పటి వేస్తుంటే "వద్దు, ఉక్కగా ఉంది" అని తోసేయకండి.

మరి మీకేది

మొదటిసారి మార్పిడి, గుండె కిడ్నీ బాగున్నాయి, పాత గడ్డలు లేవు: కోతకి ముందు నరానికి ఒక గ్రాము, ఇంకేం ఆలోచించకండి. అదే మనిషి, రోజులో మొదటి కేసు, ఆ చోట మాత్రల పద్ధతి స్థిరంగా నడుస్తోంది: మాత్ర తీసుకున్నా సరే, నష్టపోయిందేమీ లేదు. క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే కిడ్నీ పని తగ్గింది: నరానికే, తగ్గించిన డోసు, ఒక్కసారే. రెండేళ్ల కింద కాలిలో గడ్డ కట్టి మందులు వాడి మానేశారు: ఇక్కడ డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు, కీలులో పోసేది అడగండి, సర్జన్ నరానికే ఇస్తానంటే కారణం చెప్పమనండి, చెప్పగలిగితే ఒప్పుకోండి. రివిజన్, పైగా హిమోగ్లోబిన్ 11: ముందు ఆపరేషన్ తేదీ వెనక్కి జరపండి, తర్వాత రెండు రూపాలూ కలిపి, పోయిన రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ మిషన్ ఉందేమో కనుక్కోండి.

ఇంత చేశాక రెండో రోజు రిపోర్టులో హిమోగ్లోబిన్ 9 అని చూసి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు, "ఒక సీసా ఎక్కించేయండి, బలం వస్తుంది" అంటారు. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2,016 మందిని, అదీ గుండె జబ్బో ఆ ముప్పో ఉన్న పెద్దవాళ్లని, రెండుగా విడదీసి ఒక జట్టుకి 10 దాటి ఉండేలా రక్తం ఎక్కిస్తూ, ఇంకో జట్టుకి 8 కన్నా తగ్గితేనో ఆయాసం, ఛాతీ నొప్పి లాంటివి వస్తేనో మాత్రమే ఎక్కిస్తూ చూశారు. 60 రోజులకి నడకలో కానీ ప్రాణాల్లో కానీ తేడా రాలేదు. కాబట్టి 9 ఉండి, పేషెంటు వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లొచ్చి, కళ్లు తిరగలేదంటే నేను రక్తం తెప్పించను, మర్నాడు పొద్దున ఇంకోసారి టెస్ట్ రాసి వెళ్తాను. అత్యల్ప అంకె రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య వస్తుంది, మొదటి రోజు రిపోర్టు బాగుందని సంబరపడి ఆ టెస్ట్ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.